ఆటల మాస్టారి లెక్క

పొద్దున వాలీబాల్ నెట్ బిగించిన చేతులే సాయంత్రం పరుగు పందేనికి సున్నంతో గీతలు గీస్తాయి. మరునాడు అవే చేతులు ఫుట్‌బాల్‌కు గాలి కొడతాయి, బెణికిన చీలమండకు కట్టు కడతాయి. ఉన్నత పాఠశాలలో మూడు నాలుగు దశాబ్దాలు ఇలా గడిపిన శిక్షకులు పదవీ విరమణ చేసే రోజున అందరం వారు గెలిపించిన కప్పులు లెక్కబెడతాం. ఆ లెక్క సరైనది కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం.

అన్ని ఆటలూ నేర్పేవారికి ఏ ఆటా లోతుగా తెలియదన్న చులకన ఒకటి చాలాకాలంగా ఉంది. అయితే బాస్కెట్‌బాల్ పుట్టిందే అలాంటి వ్యక్తి చేతిలో. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి బయట ఆడలేక విసిగిపోయిన యువకుల తరగతిని జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ బోధకుడికి అప్పగించారు. బంతితో పరిగెత్తే ఆటల్లోనే ఒకరినొకరు పడదోసుకుంటారని గమనించి, బంతి పట్టుకుని పరిగెత్తకూడదన్నారు. గోలు తలకంటే ఎత్తులో ఉంటే బలానికి బదులు నేర్పు అవసరమవుతుందని పీచ్ పండ్ల బుట్టలను పైన బిగించారు. ఎన్నో ఆటలు ఎరిగిన మనిషికే తట్టే ఆలోచనలివి. ఆ తర్వాత కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడిగా ఆయన గెలిచిన మ్యాచ్‌లు 55, ఓడినవి 60. కప్పుల లెక్కలో ఆయన విఫలుడన్నమాట!

అమెరికా బాస్కెట్‌బాల్ శిక్షకుడు జాన్ వుడెన్ సంగతీ చూడాలి. యూసీఎల్ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టుకు 1964–75 మధ్య పది జాతీయ టైటిళ్లు తెచ్చిన ఆయన, అంతకు ముందు పదకొండేళ్లు హైస్కూల్ మాస్టారు. ఇంగ్లిషు పాఠం చెబుతూ బాస్కెట్‌బాల్‌తోపాటు బేస్‌బాల్, టెన్నిస్ కూడా నేర్పారు. 1932లో మొదలైన తొలి సీజన్‌లో గెలుపులకంటే ఓటములే ఎక్కువ. ఆ ఒక్క సీజన్ చూసి పాఠశాల ఆయనను పంపించి ఉంటే?

వాలీబాల్‌లో నెట్ దగ్గర ఎగిరి బంతిని అడ్డుకుని (బ్లాక్) దిగినా, బాస్కెట్‌బాల్‌లో బుట్టకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని (రీబౌండ్) ఎగిరి అందుకుని దిగినా మోకాళ్లు వంచి మెత్తగా దిగాలి. ఇది ఒక ఆటలో నేర్పినవారు రెండో ఆటలో కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు. అంతకంటే విలువైనది పిల్లల గురించిన ఎరుక. ఒక్కసారిగా పొడవు పెరిగిన పిల్లవాడి అడుగులు కొన్ని నెలలు తడబడతాయి. ఒకే ఆట శిక్షకుడు అతన్ని జట్టులోంచి తీసేయవచ్చు. నాలుగు ఆటల మాస్టారు మాత్రం ఈలోగా డిస్కస్ చేతికిస్తారు. పరుగులో వెనకబడి ముడుచుకుపోయిన అమ్మాయి గోల్‌కీపర్‌గా నిలదొక్కుకోవడం వారి కళ్ల ముందే జరుగుతుంది.

ఇప్పుడు ఎనిమిది, తొమ్మిదేళ్లకే ఒక ఆటకు కట్టేసే ధోరణి బలపడింది. ఏడాది పొడవునా అవే కండరాలు, అవే కీళ్లు అరిగిపోయేలా సాధన చేయించడం వల్ల గాయాలు, విసుగు రెండూ పెరుగుతాయి. ఒకే ఆటకు పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల వరకు వాయిదా వేయడం మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లోనే సూచించింది. పాత ఆటల మాస్టార్లు అనుభవంతో పాటించినదీ అదే.

కాబట్టి పాఠశాలలు ముందుగా ఆటల పీరియడ్‌ను పరీక్షల పేరిట లాక్కోవడం మానాలి. శిక్షకులను పతకాలతో కాక, ఏటా ఎంతమంది పిల్లలు మైదానానికి వచ్చారు, ఎంతమంది మరుసటి ఏడాదీ నిలిచారు అన్నదానితో అంచనా వేయాలి. సెలవుల్లో, సాయంత్రాల్లో చేసే పనికి తగిన భత్యం ఇవ్వాలి. అన్నిటికంటే అత్యవసరం, విరమణకు కనీసం ఏడాది ముందే ఒక యువ శిక్షకుడినో శిక్షకురాలినో వారి పక్కన నియమించడం. ఏ పిల్లవాడి మోకాలు నొప్పిని దాచుకుంటోందో, ఏ అమ్మాయి ఓటమి తర్వాత రెండు రోజులు మాట్లాడదో ఏ రిజిస్టరులోనూ ఉండదు. అది మైదానంలో పక్కపక్కన నడుస్తూ చెప్పుకోవలసిన సంగతి.