వాల్ఫార్ పాటలను మంచులోంచి బయటకు తీసి వినాలి

2004 జనవరి 14న నార్వే పశ్చిమ తీరంలోని సోగ్న్‌దాల్‌లో ఒక పాతికేళ్ల యువకుడు కొండ మీద తమ కుటుంబానికి ఉన్న చిన్న ఇంటికి నడుచుకుంటూ బయలుదేరాడు. దారిలో మంచు తుఫాను కమ్మింది. మూడు రోజుల గాలింపు తర్వాత శవం దొరికింది. ఆ యువకుడు టేర్యె బాకెన్. రాక్ సంగీతంలో హోరుతో, అరుపులతో సాగే బ్లాక్ మెటల్ అనే శాఖ శ్రోతలకు వాల్ఫార్. 'విందిర్' అనే సంగీత ప్రయత్నానికి ఆద్యుడు.

నేనూ ఇక్కడే మొదలుపెట్టాను, గమనించారా? విందిర్ గురించి రాసేవాళ్లలో నూటికి తొంభై మంది ఇక్కడే మొదలుపెడతారు. ఆ తర్వాత ప్రతి పాటలోనూ చావు నీడ వెతుకుతారు. చివరి ఆల్బమ్ పేరు 'లిక్‌ఫెర్ద్', అంటే శవయాత్ర. అతనికి ముందే తెలుసునంటూ ఒళ్లు జలదరింపజేసే వాక్యం ఒకటి రాసేసి చేతులు దులుపుకుంటారు. దీనివల్ల జరిగిన నష్టం ఏమిటంటే, తొలినాళ్ల రికార్డింగులకూ తర్వాతి వాటికీ మధ్య నిజంగా ఏం మారిందో తీరిగ్గా విన్నవాళ్లు తక్కువయ్యారు.

అందుకే మొదటి నుంచి చూద్దాం. 1994లో, 1995లో రెండు డెమో క్యాసెట్లు వచ్చాయి. 1978 సెప్టెంబరులో పుట్టినవాడికి అప్పటికి ఎంత వయసో లెక్క వేసుకోండి. 1997లో తొలి ఆల్బమ్ 'సోక్నార్దాల్ర్'. అది సోగ్న్‌దాల్‌కు ప్రాచీన నామం, అంటే కుర్రాడు తన మొదటి ఆల్బమ్‌కు తన ఊరి పేరే పెట్టుకున్నాడు. డ్రమ్ముల్లోనూ కొంత గాత్రంలోనూ స్నేహితులు సాయం చేశారు తప్ప, దాదాపు అన్ని వాద్యాలూ తనే వాయించాడు. ధ్వనిముద్రణ గొప్పది కాదు. కీబోర్డులు పొగమంచులా పరుచుకుని ఉంటాయి, గిటార్లు వాటి కింద గరగరలాడతాయి. ఈ రెంటి మధ్య నుంచి తల ఎత్తేది అకార్డియన్.

మన చెవికి అకార్డియన్ పరాయిది కాదు. హార్మోనియంలో లాగే అందులోనూ గాలి లోహపు రీడ్లను కంపింపజేస్తేనే స్వరం పలుకుతుంది. పద్యనాటకంలో నటుడు రాగం తీసి ఊపిరి పీల్చుకునే వేళ ఆ ఖాళీని హార్మోనియం నింపుతుంది చూడండి, వాల్ఫార్ అకార్డియన్ కూడా చాలాచోట్ల ఆ పనే చేస్తుంది. గొంతు చీరుకుపోయేలా అరిచి ఆగిన చోట అది అందుకుంటుంది. అలంకారం కోసం తెచ్చిపెట్టిన వాద్యంలా అనిపించదు.

భాష సంగతి కూడా చెప్పాలి. నార్వేజియన్‌కు రెండు లిఖిత రూపాలున్నాయి. ఒకటి డేనిష్ పాలన నాటి రాతభాష నుంచి వచ్చింది. రెండోది భాషావేత్త ఈవార్ ఓసెన్ పందొమ్మిదో శతాబ్దంలో పల్లెలు తిరిగి సేకరించిన మాండలికాల మీద నిలబెట్టినది. 1885లో పార్లమెంటు రెంటికీ సమాన హోదా ఇచ్చింది. గ్రాంథిక వ్యావహారిక వివాదం చూసిన మనకు ఈ తగాదా రుచి తెలియనిది కాదు. వాల్ఫార్ ఇంకో అడుగు ముందుకేసి, తన లోయ మాండలికాన్నే పాటల్లోకి తెచ్చాడు. మొదటి రెండు ఆల్బముల పాటల పట్టీలో ఇంగ్లిష్ పేరు ఒక్కటీ కనిపించదు.

దీని విలువ తెలియాలంటే ఆ కాలపు నార్వే బ్లాక్ మెటల్ వాతావరణం గుర్తుండాలి. 1992 జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాంటొఫ్ట్ చెక్క చర్చిని తగలబెట్టారు. ఆ దశాబ్దంలో ఈ సంగీత వర్గంతో ముడిపడిన చర్చి దహనాలకు అది చిహ్నంగా మిగిలిపోయింది. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆ చర్చి బెర్గెన్‌ది కాదు. 1150 ప్రాంతంలో, సోగ్న్‌దాల్ ఉన్న సోగ్న్ ప్రాంతంలోనే, ఫొర్తున్‌లో కట్టినది. 1883లో ఊడదీసి బెర్గెన్ దగ్గరికి తరలించారు. గతాన్ని ఉద్ధరిస్తామని చెప్పుకున్న వాతావరణంలో కాలిపోయింది సోగ్న్ గతమే. ఆ చర్చి పునర్నిర్మాణం పూర్తయిన 1997లోనే అదే సోగ్న్ నుంచి ఈ కుర్రాడు అగ్గిపెట్టె అవసరం లేకుండా గతాన్ని పలికించాడు. ఈ సంగీతం గురించి మాట్లాడేటప్పుడు నేరాల చిట్టా విప్పడం మాని ఈ పోలికను ఎందుకు చూపరో నాకు అర్థం కాదు.

1999లో 'ఆర్న్టోర్' వచ్చింది. నా దృష్టిలో విందిర్ శిఖరం ఇదే. ఆర్న్టోర్ పన్నెండో శతాబ్దపు స్థానిక వీరుడు. అతని కాలంలో సోగ్న్‌దాల్ జనం నార్వే రాజు స్వెర్రె ప్రతినిధిని చంపేశారు. ప్రతీకారం తీర్చుకోవడానికి స్వెర్రె వచ్చాడు. జనం పక్షాన ఉన్నది సింహాసనం కోసం స్వెర్రెతో పోరాడుతున్న మాగ్నుస్. 1184 జూన్ 15న ఫిమ్‌రైతె దగ్గర ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్ల మీద యుద్ధం జరిగింది. ఓడిపోతున్న నౌకల నుంచి మాగ్నుస్ సైనికులు పక్క నౌకల్లోకి దూకడంతో అవి బరువు తట్టుకోలేక మునిగాయి. మాగ్నుస్ కూడా మునిగిపోయాడు. అంటే ఇది ఓడిన ఊరి కథ. అందుకే ఈ ఆల్బమ్‌లో వీరావేశం ఎంత ఉన్నా, బాణీల అడుగున దిగులు వదలదు. 'సాక్నెత్' అనే పాట వినండి. పేరుకు అర్థం లోటు, బెంగ. పది నిమిషాల పాట. ఒకే బాణీని అనేక వేగాల్లో తిప్పి తిప్పి పలికిస్తాడు. మూడోసారికే నోటికి వచ్చేస్తుంది, పదోసారికి కూడా విసుగు రాదు.

2001 నాటికి ఏకాంత కృషి కాస్తా పూర్తి స్థాయి బృందమైంది. ఉల్కుస్ అనే స్థానిక బృందంలోని స్నేహితులు చేరారు. '1184' ఆల్బమ్‌లో బాణీల విషయంలో వాళ్ల చేయీ పడింది. శబ్దం ఒక్కసారిగా శుభ్రపడింది. ఎనిమిది పాటల్లో అయిదింటికి ఇంగ్లిష్ పేర్లు. పాత అభిమానుల ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది: ఊరు పోయింది, ప్రపంచ మార్కెట్టు వచ్చింది అని. సగమే నిజం. అకార్డియన్ వెనక్కి జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఆల్బమ్ పేరే పెట్టుకున్న '1184' పాటలో గిటార్ సాగదీసే పొడవైన బాణీని డ్రమ్ముల హోరు లేకుండా నెమ్మదిగా కూనిరాగం తీసి చూడండి, అది అకార్డియన్ మీద పుట్టినదే అనిపిస్తుంది. జానపదం వాద్యం మారింది, అంతే. అయితే 'డిస్ట్రాయ్' లాంటి పాటల్లో ఆ బాణీ జాడ కూడా పలచబడి, ఏ దేశపు బృందమైనా చేయగలిగినట్టు ఉంటుంది. ఆ మేరకు ఫిర్యాదు సబబే.

ఊరిని వదిలేశాడన్న వాదన 2003 నాటి 'లిక్‌ఫెర్ద్'తో మరీ బలహీనపడుతుంది. ఇక్కడ సగం పేర్లు మళ్లీ సొంత భాషలోనే. ఇల్లు వదిలి వెళ్లినవాడు మధ్యదారిలో వెనక్కి తిరిగి చూసినట్టు ఉంటుంది. ఆల్బమ్‌గా '1184' అంత పదును లేదు. ఎక్కువగా బృందం పనితనమే వినిపిస్తుంది.

ఇక శకునాల మాట. శవయాత్ర అన్న పేరును జోస్యంగా చదివేవాళ్లు తొలి ఆల్బమ్‌లోని ఏడో పాట పేరు చూడాలి: 'లిక్‌బ్యోర్'. శవాన్ని మోసే పాడె అని అర్థం. ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాడు పాడె మీద పాట కట్టాడు. రెండో ఆల్బమ్‌లో ఒక రాజు సమాధి దిబ్బ మీద పాట ఉంది. సమాధి దిబ్బలు, మునిగిన నౌకలు, ఓడిన పూర్వీకులు మొదటి రోజు నుంచీ అతని ముడిసరుకు. 2003లో కొత్తగా వచ్చిపడినవి కావు.

శకునాల పట్టీలో మరొకటి '1184' చివరి పాట. దాని పేరుకు అంతం దాకా ప్రయాణం అని అర్థం. పేరు వింటే గుండె బరువెక్కాల్సిందే. కానీ ఆ పాట ఎలా ముగుస్తుందో చాలామంది చెప్పరు. ఆఖరికి గిటార్లు పక్కకు తప్పుకుంటాయి. వాటి చోట, రాత్రి క్లబ్బుల్లో కుర్రకారు గెంతే రకం ఎలక్ట్రానిక్ దరువు మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు పాట మారిపోయిందేమోనని నేను ఫోను తీసి చూశాను. మారలేదు.