ఇచ్చట కంప్యూటర్ల స్పీడు తగ్గించబడును

బెజవాడలో బండి నెమ్మదిగా నడపడం ఎవరూ నేర్పక్కర్లేదు, బెంజి సర్కిలే నేర్పిస్తుంది. కంప్యూటర్‌ని నెమ్మదిగా నడపడం మాత్రం సాధన చేయాల్సిన విద్య. మా బావమరిది సత్యనారాయణపురంలో, మా అత్తగారి బియ్యం డ్రమ్ము పక్కన కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా దాన్ని సాధిస్తున్నాడు. చుట్టాలంతా నవ్వుతున్నారు. నేను నవ్వను, ఇది ఆషామాషీ వ్యవహారం కాదు.

సంగతేంటంటే, 1981లో వచ్చిన ఐబీఎం పీసీ స్పీడు 4.77 మెగాహెర్ట్జ్. అప్పట్లో ఆటలు రాసినవాళ్ళలో చాలామంది గడియారం జోలికి పోలేదు. బొమ్మ ఒక అడుగు వేశాక కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్‌ని ఊరికే కొన్ని వేల అంకెలు లెక్కపెట్టమన్నారు, అది పూర్తయితే ఇంకో అడుగు. కంప్యూటర్లు ఎప్పటికీ ఇంతే స్పీడులో ఉంటాయని వాళ్ళ ధీమా. కొత్త ప్రాసెసర్లు వచ్చి ఆ అంకెల్ని రెప్పపాటులో లెక్కపెట్టి పారేశాక, మా బావమరిది ఆడాలని తపించే ఆ కాలపు మట్టి తవ్వే ఆటలో రాక్షసులు మనం కీబోర్డు మీద చెయ్యి పెట్టేలోపే మన పని ముగించేస్తున్నాయి.

దీనికి విరుగుడుగా కంప్యూటర్ పెట్టె మీద టర్బో బటన్ వచ్చింది. పేరు టర్బో, పెట్టింది స్పీడు తగ్గించడానికి. పక్కనే మెగాహెర్ట్జ్ చూపించే అంకెలు. అవి దేన్నీ కొలవవు, వెనకాల జంపర్లనే బుల్లి క్లిప్పులు ఎలా గుచ్చితే ఆ అంకె వెలుగుతుంది. మన ఆటోలకి మీటర్ ఉన్నట్టే.

బావమరిది వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టులో కొన్న పెంటియం ప్రాసెసర్ కంప్యూటర్‌కి బటన్ ఉంది, లోపల దానికి వైరే లేదు. అందుకని బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్ళి క్యాష్ ఆపేశాడు. క్యాష్ అంటే ప్రాసెసర్ చేతికందేలా పెట్టుకున్న పోపుల డబ్బా. అది లాగేస్తే ఆవాలకీ జీలకర్రకీ ప్రతిసారీ కొట్టుకి పరిగెత్తాలి, పెంటియం కాస్తా అంతకన్నా పాతదైన 386 ప్రాసెసర్‌లా ఈడుస్తుంది. వాడి ఆటకి అదీ ఎక్కువే. దాని మీద మోస్లో అనే బుజ్జి ప్రోగ్రాము ఎక్కించాడు, అది ప్రాసెసర్ టైమంతా తనే తినేస్తూ ఆటకి కాస్త విదిలిస్తుంది. మా ఆఫీసులో ఇదే పని చేస్తూ ఇద్దరు ప్రమోషన్ కూడా తెచ్చుకున్నారు.

"మామయ్యా, పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాము డాస్‌బాక్స్ ఉందిగా, అది వేసుకుని కంట్రోల్ ఎఫ్11 కొడితే స్పీడు తగ్గుద్దిగా" అన్నాడు మా అబ్బాయి.

"బిర్యానీ ఫొటో చూస్తే కడుపు నిండుద్దా రా?"

ఇంకో మాట, మే నెలలో కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఇప్పటి ల్యాప్‌టాప్‌లు వేడెక్కి వాటంతటవే స్పీడు తగ్గించుకుంటాయి. ఆ లెక్కన బెజవాడ ఊరే పెద్ద టర్బో బటన్. పాత పెంటియంకి పాపం ఆ ఇంగితం లేదు.

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి ఆట సరైన స్పీడుకి వచ్చిందని ఇంటిల్లిపాదినీ లేపాడు. కళ్ళు నులుముకుంటూ నిలబడ్డాం. ఆటలో బొమ్మ తాపీగా మట్టి తవ్వింది. పైన బంగారం సంచి అటూ ఇటూ ఊగింది, ఊగడం అందరికీ కనిపించింది, మా అత్తగారైతే "పక్కకి జరగరా" అని కేక కూడా వేశారు. బావమరిది మాత్రం దాని కిందే నిలబడి చచ్చాడు.

"చూశావా బావా," అన్నాడు కళ్ళు మెరుస్తుండగా, "ఎంత నిదానంగా పడిందో!"