గాజు మనం పోసుకోవచ్చు, డయోడ్ల సంగతేమిటి?

కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 2022 డిసెంబర్ 5న 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతితో 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తిని, అంటే తేలికైన పరమాణు కేంద్రకాలు కలిసినప్పుడు వెలువడే శక్తిని పుట్టించింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది. ఆ లేజర్‌ను ఒక్కసారి పేల్చడానికి దాదాపు 300 మెగాజౌళ్ల విద్యుత్తు ఖర్చయిందన్న సంగతి వార్తల చివరి పేరాల్లోకి జారిపోయింది. అంటే వాడిన కరెంటులో ఒక శాతం కూడా కాంతిగా లక్ష్యాన్ని చేరలేదు.

ఆ లేజర్‌లో వాడినది నియోడిమియం అనే లోహం కలిపిన ఫాస్ఫేట్ గాజు. ఒక్కోటి 42 కిలోల పలకలు మూడు వేలకు పైగా ఉన్నాయి. గాజు బాగానే ఉంది. దానికి శక్తినిచ్చే పద్ధతే పాతది. 1960లో మైమన్ తొలి రూబీ లేజర్‌ను ఫ్లాష్ ల్యాంపుతో వెలిగించాడు. మరుసటి ఏడాది ఎలియాస్ స్నిట్జర్ నియోడిమియం గాజు లేజర్ చేసినప్పుడూ ల్యాంపులే దిక్కు. ల్యాంపు అన్ని రంగులూ కుమ్మరిస్తుంది, నియోడిమియం వాటిలో కొన్నిటినే అందుకుంటుంది. మిగిలినదాంట్లో చాలా భాగం వేడి. గాజు ఆ వేడిని త్వరగా వదలదు, లేజర్లలో వాడే యాగ్ అనే స్ఫటికంతో పోలిస్తే పదో వంతు వేగం కూడా ఉండదు. అందుకే ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య గంటల తరబడి ఆగాలి. 1990లలో ఆ లేజర్‌ను రూపొందించినవారిని తప్పుపట్టలేం. ల్యాంపులకు బదులు వాడదగినవి లేజర్ డయోడ్లు, అంటే కరెంటును నేరుగా లేజర్ కాంతిగా మార్చే చిన్న చిప్పులు. అప్పట్లో అన్ని డయోడ్లు కొనే స్తోమత ఎవరికీ లేదు.

లేజర్ డయోడ్ నియోడిమియానికి కావలసిన 800 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతినే ఇస్తుంది. తీసుకున్న కరెంటులో సగం దాకా కాంతిగా మారుస్తుంది. మరి అందరూ ఎందుకు మారలేదు? అసలు చిక్కు కాలంతో. గాజులో ఉత్తేజితమైన నియోడిమియం అయాను ఆ శక్తిని సెకనులో మూడువేలవ వంతు కాలమే పట్టి ఉంచుతుంది. ఆ లోపే శక్తంతా నింపాలి. ఒక్క జౌలు నిల్వ చేయాలన్నా కొన్ని కిలోవాట్ల డయోడ్లు ఒక్కసారిగా వెలగాలి. చెక్ రిపబ్లిక్‌లోని ఎలీ బీమ్‌లైన్స్ పరిశోధన కేంద్రం కోసం లివర్‌మోర్ తయారుచేసిన హాప్స్ లేజర్ దీన్ని చేసి చూపింది: డయోడ్లతో వెలిగే నియోడిమియం గాజు, హీలియం వాయువుతో చల్లదనం, సెకనుకు 10 పేలుళ్లకు రూపకల్పన. దాని డయోడ్ల గరిష్ఠ సామర్థ్యం 3.2 మెగావాట్లు. యంత్రంలో ఖరీదైన సరుకు ఏదో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

నియోడిమియం బదులు గాజులో కలపగల మరో లోహం ఇటెర్బియం ఈ లెక్కను కొంత తేలిక చేస్తుంది. అది శక్తిని మిల్లీసెకను స్థాయిలో పట్టి ఉంచుతుంది కాబట్టి తక్కువ డయోడ్లు చాలు. నియోడిమియం పుచ్చుకున్న కాంతిలో దాదాపు నాలుగో వంతు వేడిగా పోతే, ఇటెర్బియంలో పోయేది పదో వంతులోపే. ఫ్యాక్టరీల్లో ఇనుప రేకులు కోసే ఫైబర్ లేజర్లు ఈ ఇటెర్బియం గాజు దారాలే. సన్నని దారం కనుక వేడి పోవడమూ సులువే.

ఇక మన దగ్గరి చర్చకు వద్దాం. చైనా 2025లో ఆంక్షలు పెట్టినప్పటి నుంచీ ఎవరిని కదిపినా అరుదైన ఖనిజాల మాటే. దేశంలో ఈ లోహాలుండే మోనజైట్ ఖనిజం నిల్వలు ఎక్కువగా ఉన్నది ఆంధ్ర తీరపు ఇసుకలోనే. నియోడిమియం అందులో దొరుకుతుంది, ఇటెర్బియం మాత్రం అత్యల్పం. అయస్కాంతాలకు నియోడిమియం ప్రాణావసరం. లేజర్ గాజుకు అంత కాదు, ఎందుకంటే గాజులో కలిపేది కొద్ది శాతమే. లివర్‌మోర్‌లోని ఆ మూడు వేల పలకలన్నిటికీ కొన్ని టన్నులు సరిపోయాయి. లేజర్ల విషయంలో నా ఆందోళన గాలియం గురించి. గాజుకు శక్తినిచ్చే ఆ డయోడ్లు తయారయ్యేది గాలియం ఆర్సెనైడ్ మీద. గాలియం ఎగుమతులపై చైనా 2023 ఆగస్టు నుంచే అనుమతుల నిబంధన పెట్టింది. బాక్సైట్ శుద్ధిలో ఉపఉత్పత్తిగా వచ్చే ఈ లోహం గురించి మన బహిరంగ సభల్లో ఎవరూ మాట్లాడరు, బహుశా ఇసుకలాగా కంటికి కనిపించదు కనుక.

2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చింది. హైదరాబాద్‌లో డీఆర్‌డీవోకే చెందిన ఛెస్ అనే పరిశోధన కేంద్రం దాని వెనుక ఉంది. అదే నగరంలో గేటెక్ అనే గాలియం ఆర్సెనైడ్ చిప్పుల కేంద్రం ఏళ్లుగా రాడార్లకు మైక్రోవేవ్ చిప్పులు చేస్తోంది. లేజర్ డయోడ్‌కు అవసరమైన పొరల పెంపకం, అంచుల పూత వేరే విద్యలే. అయినా ఆ పదార్థంతో చేతులు అలవాటైన మనుషులు అక్కడ ఉన్నారు. గనులకు కేటాయించే డబ్బులో కొంత భాగాన్ని డయోడ్ల తయారీ వైపు మళ్లించడం గురించి ఢిల్లీ ఆలోచించాలి.