బస్సు తిరగాలా, మనిషి తిరగాలా?

(భోజనాల బల్ల మీద పెద్ద తెల్ల కాగితం, స్కేలు, పెన్సిలు. పరమేశం కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని గీతలు గీస్తున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అతను బస్టాండ్ల నక్షాలు గీశాడు. సుభద్ర ఆ బస్టాండ్లలో బస్సుల కోసం నిలబడింది. ఇంట్లో గొడవకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు. పైగా ఇప్పుడు మనవడికి బడిలో ‘బస్టాండు: అప్పుడు, ఇప్పుడు’ అని బొమ్మ గీసుకురమ్మన్నారు. వాడు ఆ పని తాతకు అప్పగించి ఆడుకోవడానికి వెళ్ళాడు.)

సుభద్ర: గేటు అటు కాదు.

పరమేశం: ఏ గేటు?

సుభద్ర: బస్సులు లోపలికి వచ్చే గేటు. మీరు తూర్పున పెట్టారు. అది పడమర వైపు ఉండేది.

పరమేశం: ఆమోదం పొందిన నక్షాలో తూర్పునే ఉంది. ఈ చేత్తోనే గీశాను.

సుభద్ర: నక్షాలో ఉందేమో. నేను నక్షాలో ఎప్పుడూ బస్సెక్కలేదు.

పరమేశం: అసలు ఏ కాలం బస్టాండు గురించి నీ వాదన? ముందు అది చెప్పు.

సుభద్ర: మొదటి బస్టాండు దగ్గర్నుంచీ చెబుతాను. రోడ్డు పక్కన, చెట్టు కింద.

పరమేశం: అది బస్టాండు కాదు. రోడ్డు.

సుభద్ర: మాకు అదే బస్టాండు. పెట్టె నిలబెట్టి దాని మీద కూర్చునేవాళ్ళం. బస్సు వెతుక్కుంటూ వచ్చి మా ముందే ఆగేది. నాలుగడుగులు వేస్తే లోపల ఉండేవాళ్ళం. ఆ తర్వాతే మీరంతా కలిసి అభివృద్ధి చేశారు.

పరమేశం: బస్సులు రోడ్డు మీదే ఆగితే వెనక వచ్చే బళ్ళన్నీ ఏమైపోవాలి? అందుకే ఎక్కడికక్కడ వాటిని ఆవరణల్లోకి మళ్ళించారు. లండన్‌లో విక్టోరియా కోచ్ స్టేషన్ 1932లోనే వచ్చింది. న్యూయార్క్‌లో తలో చోటా ఉన్న బస్సు స్టేషన్లను ఒక్కచోటికి చేర్చడానికి 1950లో పోర్ట్ అథారిటీ టెర్మినల్ తెరిచారు. నది కింది సొరంగంలోంచి వచ్చిన బస్సు వీధుల్లో పడకుండా ర్యాంపు మీదుగా నేరుగా భవనంలోకే వెళ్తుంది.

సుభద్ర: న్యూయార్క్‌లో బస్సు ఎటు నుంచి వస్తుందో తెలుసు. ఇక్కడి గేటు ఏ వైపో తెలియదు.

(పరమేశం మాట్లాడకుండా మందుల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లిస్తాడు. మాత్రల పెట్టెలను ఒక అంచు పొడవునా పక్కపక్కనే పేరుస్తాడు.)

పరమేశం: ఇలా చూడు. ఇది రెండో కాలం. ఈ అంచు ప్లాట్‌ఫాం. బస్సు ముక్కు ముందుకు పెట్టి ప్లాట్‌ఫాంకు ఆనుకుని నిలబడుతుంది. తక్కువ పొడవులో ఎక్కువ బస్సులు పడతాయి. ప్రయాణికులందరూ ఒకే వరండాలో ఉంటారు. ఎక్స్‌ప్రెస్ బయల్దేరాలంటే ఇలా వెనక్కి వచ్చి…

(బీపీ మాత్రల పెట్టె కింద పడుతుంది.)

సుభద్ర: ఎక్స్‌ప్రెస్ కాలవలో పడింది. సరిగ్గా అప్పుడూ ఇంతే.

పరమేశం: అప్పుడు కండక్టరు దిగి ఈల వేసేవాడు.

సుభద్ర: బస్సుకో ఈల. ఏ ఈల ఏ బస్సుదో ఎవరికి తెలుసు? ఒకరి ఈలకు ఇంకొకరు బ్రేకు వేసేవారు. పాపం, అత్తయ్యగారు ఈల వినపడితే చాలు, స్తంభాన్ని కౌగిలించుకునేవారు.

పరమేశం: అలా కౌగిలించుకుంది కాబట్టే మా అమ్మ తొంభై ఏళ్ళు బతికింది.

సుభద్ర: ఆ స్తంభాన్ని కూడా తర్వాత పడగొట్టించారు.

పరమేశం: బస్సు మలుపుకు అడ్డం వస్తే పడగొట్టక పూజ చేస్తామా? బస్సు మలుపు అంటే ఏమనుకున్నావు? ఐరోపా నిబంధనల ప్రకారం బస్సు 12.5 మీటర్ల వ్యాసార్థం ఉన్న బయటి వలయం దాటకూడదు, 5.3 మీటర్ల లోపలి వలయాన్ని తొక్కకూడదు. ఆ రెంటి మధ్యనే తిరిగి రావాలి. మేము ముందు ఆ వలయం గీసేవాళ్ళం. మిగతావన్నీ దాని తర్వాతే.

సుభద్ర: మరి మనిషి ఎంత వలయంలో తిరగగలడో ఎవరైనా కొలిచారా? చంకలో పిల్ల, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో మీరు.

పరమేశం: నన్ను నువ్వెప్పుడు పట్టుకున్నావు?

సుభద్ర: పట్టుకోకపోతే నిలబడి పైకప్పు దూలాలు లెక్కపెట్టేవారు. బస్సు వెళ్ళిపోయేది.

(పరమేశం గేటును తుడిచి, దక్షిణాన గీస్తాడు. ఇద్దరి మాటా నెగ్గకుండా ఉండాలని.)

పరమేశం: వెనక్కి నడపడం ప్రమాదమనే కదా, మూడో నక్షాలో దాన్ని తీసేశాం. పొడుగ్గా అరుగులు, అరుగుకీ అరుగుకీ మధ్య బస్సుల దారి. బస్సు ఒక కొసన వస్తుంది, ఇంకో కొసన వెళ్తుంది. ఈలలు లేవు, స్తంభాలు లేవు.

సుభద్ర: బస్సు తిన్నగా వచ్చింది, తిన్నగా వెళ్ళింది. అది తిరగడం మానేసింది కాబట్టి ఆ తిరుగుడంతా మా నెత్తిన పడింది. రెండో అరుగు మీదికి పోవాలంటే బస్సుల దారి దాటాలి. దాటకూడదని కంచె వేశారు. కంచె వేశారు కాబట్టి మెట్లు దిగి, సొరంగంలో నడిచి, మళ్ళీ మెట్లెక్కి… పైకి వచ్చి చూస్తే అది మూడో అరుగు.

పరమేశం: సొరంగాన్ని తప్పు పట్టకు. ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊళ్ళో 1969లో కట్టిన బస్సు స్టేషన్ చూసి మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. ఒకవైపు నలభై గేట్లు, రెండోవైపు నలభై. జనం బస్సుల మధ్య తిరగకుండా కింద నడకదారులు. మీద వెయ్యికి పైగా కార్లకు అంతస్తులు.

సుభద్ర: ఇప్పుడూ అలాగే ఉందా?

పరమేశం: (కొంచెం తగ్గి) కూల్చేద్దామనుకున్నారు. జనం ఒప్పుకోలేదు. 2013లో వారసత్వ కట్టడమని గుర్తించారు. బాగుచేసి 2018లో తెరిచారు.

సుభద్ర: రెండువైపులా?

పరమేశం: ఒక వైపే. రెండో వైపు జనం తిరగడానికి ఖాళీ స్థలంగా వదిలారు.

సుభద్ర: చూశారా! అర్ధ శతాబ్దం పట్టింది గాని, మనిషికి కాస్త చోటు దొరికింది.

పరమేశం: జపాన్‌లో షింజుకు చూడు. చుట్టుపక్కల విడివిడిగా ఉన్న 19 బస్సు స్టాపుల్ని 2016లో ఒక్క భవనంలోకి తెచ్చారు. దిగేవాళ్ళకు మూడో అంతస్తు, ఎక్కేవాళ్ళకు నాలుగో అంతస్తు. ఒకరి కాలు ఒకరు తొక్కరు.

సుభద్ర: అంటే నేను మూడులో దిగుతాను. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మీరు నాలుగులో నిలబడి ఉంటారు. కొత్తేమీ కాదు. ఆరో నంబరు ప్లాట్‌ఫాం గుర్తుందా?

పరమేశం: వద్దు. దాని గురించి మాట్లాడకు.

సుభద్ర: ఎందుకు మాట్లాడకూడదు? ఆరో నంబరు దగ్గర ఉండమన్నారు. ఉన్నాను.

పరమేశం: నేనూ ఉన్నాను! నంబర్లు కొత్తగా వేశామని ఎన్నిసార్లు చెప్పాను? కొత్త ఆరు మధ్య అరుగు మీద ఉంది.

సుభద్ర: పాత ఆరు చెరిపేశారా? గోడ మీద అలాగే ఉంది. కూలీలు, డ్రైవర్లు, విచారణ కౌంటర్లో ఉన్నాయన, అందరూ దాన్నే ఆరు అన్నారు. కొత్త ఆరు తెలిసింది లోకంలో మీ ఒక్కరికే.

పరమేశం: నక్షాలో స్పష్టంగా ఉంది.

సుభద్ర: మనిద్దరికీ మధ్య ఒక కంచె, వరసగా వచ్చిపోయే బస్సులు. బస్సు పోయిన సందులోంచి మీరు కనిపించేవారు. చెయ్యి ఊపేలోపు ఇంకో బస్సు. మీరేమో నా వైపు చూడకుండా నంబరు బోర్డు వంక చూసి మురిసిపోతున్నారు.

పరమేశం: బోర్డు నిలువు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాను.

సుభద్ర: చివరికి ఇద్దరం ఎక్కడ కలిశాం?

పరమేశం: (గొణుగుతూ) ఇంట్లో.

సుభద్ర: వేర్వేరు బస్సుల్లో వచ్చి.

(మౌనం. పరమేశం ఆరో నంబరు రాయబోయి ఆగి, అయిదు తర్వాత ఏడు రాస్తాడు.)

సుభద్ర: మరుగుదొడ్లు ఎక్కడ గీశారు?

పరమేశం: ఇదిగో, ఈ మూల.

సుభద్ర: మూడు నక్షాలు మారాయి. అవి మాత్రం ఆ చివరి మూల నుంచి కదల్లేదు. బస్సుకు ఇంకా టైముందని అక్కడిదాకా వెళ్తే, తిరిగొచ్చేసరికి బస్సు ఉండేది కాదు.

పరమేశం: గొట్టాలు అటు వైపే ఉండేవి. అయినా నీకు అన్నీ దగ్గరలోనే కావాలి. టెల్ అవీవ్‌లో అలాగే అన్నీ ఒక్కచోట పెడదామని ఏడంతస్తుల బస్సు స్టేషన్ మొదలుపెట్టారు. దుకాణాలు, సినిమా హాళ్ళు, అంతస్తుల మీద బస్సులు. 1967లో పునాది, 1993లో ప్రారంభం.

సుభద్ర: బాగుందా?

పరమేశం: లోపలికి వెళ్ళినవాళ్ళకు దారి దొరకదని పేరు పడింది. కింది అంతస్తులు మూతపడ్డాయి. ఇప్పుడు గబ్బిలాలు ఉంటున్నాయి.

సుభద్ర: వాటికి సైన్‌బోర్డులు అక్కర్లేదు. తెలివైన ప్రయాణికులు.

పరమేశం: నవ్వకు. రంపపు పళ్ళ వరస గురించి చెబితే నువ్వే మెచ్చుకుంటావు. (స్కేలుతో వంకర టింకరగా ఒక అంచు గీస్తాడు.) ప్లాట్‌ఫాం అంచు ఇలా పళ్ళు పళ్ళుగా ఉంటుంది. బస్సు ఏటవాలుగా వచ్చి ఆనుకుంటుంది. ముందున్న బస్సు కదలకపోయినా ఇది పక్కనుంచి వెళ్ళిపోవచ్చు. వెనక్కి రావక్కర్లేదు. జనం దారులు దాటక్కర్లేదు.

సుభద్ర: ఈల లేదు, సొరంగం లేదు. ఒకటే వరండా. మరి దీన్నే ముందు ఎందుకు కట్టలేదు?

పరమేశం: దీనికి పొడవు ఎక్కువ కావాలి. అంత స్థలం లేదు.

సుభద్ర: వరండా పొడవునా దుకాణాలకు ఉందిగా?

పరమేశం: అది వేరే విభాగం.

సుభద్ర: ఎక్కే మెట్టు సంగతి ఏ విభాగం? ఎన్ని నక్షాలు మార్చినా ఆ మెట్టు నా మోకాలి ఎత్తులోనే ఉండేది.

పరమేశం: దానికి జర్మనీలో కాసెల్ నగరం పేరుతో ఒక అంచు రాయి ఉంది. ప్లాట్‌ఫాంను 16 నుంచి 18 సెంటీమీటర్లు ఎత్తు చేసి, ఆ అంచును లోపలికి వంపుగా పోస్తారు. టైరు ఆ వంపెక్కి తనంతట తానే వెనక్కి జారుతుంది. డ్రైవరు భయం లేకుండా అంచుకు ఆనించి ఆపగలడు. బస్సు నేల కూడా తక్కువ ఎత్తులోదైతే మెట్టే ఉండదు. నడిచి వెళ్ళడమే.

సుభద్ర: (పెన్సిలు లాక్కుని) ఇంకోసారి చెప్పండి.

పరమేశం: ఏది? సెంటీమీటర్లా?

సుభద్ర: నా మోకాలి గురించి ఎవరో ఆలోచించారన్నారే, అది. మరి మీ నక్షాల్లో దాన్ని ఎందుకు పెట్టలేదు?

పరమేశం: రబ్బరు ఎక్కడ పెట్టావు?

సుభద్ర: మీ చేతిలోనే ఉంది.

పరమేశం: (తుడవాల్సిందేమీ లేకపోయినా తుడుస్తూ) ఇప్పుడు వచ్చిన తెరల పద్ధతి నాకు నచ్చింది. ఒక్కో రూటుకు ఒక ప్లాట్‌ఫాం రాసిచ్చేస్తే, ఆ బస్సు లేనంతసేపూ ఆ చోటు ఖాళీ. అలాకాక ఏది ఖాళీగా ఉంటే అక్కడికి బస్సును పంపి, నంబరు తెర మీద చూపిస్తారు. తక్కువ చోటులో ఎక్కువ బస్సులు సర్దుకుంటాయి.

సుభద్ర: బస్సుకు చోటు దొరికింది. నాకు పోయింది. ఇదివరకు మా పుట్టింటి బస్సు ఆగే చోట మా వాళ్ళే ఉండేవారు. ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అంతా ఆ స్తంభం దగ్గరే తెలిసేది. ఊరికి వెళ్ళక ముందే సగం ఊరు చూసినట్టుండేది. ఇప్పుడు ఏ ఊరివాళ్ళు ఎవరో తెలియదు. అందరం నడిహాల్లో మెడలెత్తి తెర చూడటం, నంబరు పడగానే పరిగెత్తడం.

పరమేశం: కుర్చీలు వేశారు కదా?

సుభద్ర: వేశారు. కూర్చుంటే తెర కనపడదు.

(పరమేశం నోరు తెరిచి, మూస్తాడు. ఆ కుర్చీల వరస గీసింది అతనే.)

పరమేశం: సరే. అంత తెలిసినదానివి, నువ్వే గియ్యి. వాడు వచ్చే వేళైంది.

(సుభద్ర కొత్త కాగితం తీసుకుంటుంది. స్కేలు పక్కన పెట్టేస్తుంది. పడమర గేటు దగ్గర మొదలుపెట్టి పెన్సిలు ఎత్తకుండా గీస్తుంది: విచారణ కౌంటరు, పాత ఆరు, మళ్ళీ కౌంటరు, మెట్లు, సొరంగం, మెట్లు, మూడో అరుగు, వెనక్కి సొరంగం, చివరి మూల మరుగుదొడ్లు, అక్కణ్ణుంచి పరుగు, కంచె, చుట్టు తిరిగి కొత్త ఆరు, నడిహాలు.)

పరమేశం: ఇది నక్షానా? కోడి కెలికినట్టుంది.

సుభద్ర: నేను నడిచింది ఇంతే.

పరమేశం: (కాగితం అటూ ఇటూ తిప్పి) ప్లాట్‌ఫాంలు ఉన్నాయి, కంచె ఉంది, ఆఖరికి గబ్బిలం కూడా వేశావు. బస్సు ఏది?

సుభద్ర: ఇంకా రాలేదు.