యుద్ధం ఆగుతుందిగా, మటన్ తెండి

అటక మీది పాత పీఎస్2, అంటే టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టె, దింపడం నా మొదటి తప్పు. అందులో ఆట గొప్పతనం ఇంట్లోవాళ్ళకి వినబడేలా చెప్పడం రెండోది.

ఆట పేరు ఫైనల్ ఫాంటసీ 10. 2001లో వచ్చింది. కాలేజీ రోజుల్లో సగం ఆడి వదిలేసినదాన్ని నలభై రెండేళ్ళకి పూర్తి చేద్దామని కూర్చున్నాను. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరుకి మా కొత్త టీవీలో కన్నాలే లేవు. దానికో కన్వర్టర్, ఆ కన్వర్టర్ కోసం కోఠిలో ఒక శనివారం. అంతా అయ్యాక ఏడో తరగతి చదివే మావాడు పక్కన చేరాడు.

"నాన్నా, వాడేంటి అలా నిలబడ్డాడు? కొట్టడేం?"

"ఇప్పుడు మన వంతురా. మనం ఏదో ఒకటి చేసేదాకా వాడు ముట్టుకోడు."

"మనం ఏమీ చెయ్యకపోతే?"

"ఎంతసేపైనా అలాగే ఉంటాడు."

వాడు నన్ను జాలిగా చూశాడు. వాడి ఫోన్ ఆటల్లో ఆవలిస్తే నలుగురు పోతారు మరి. నేను ఊరుకోలేదు. ఎవరి తర్వాత ఎవరి వంతో తెర మీద కుడిపక్కన బొమ్మలతో వరసగా కనిపించడం, ముగ్గురు కొట్లాడుతుంటే మిగతావాళ్ళలో ఎవరినైనా మధ్యలో లోపలికి పిలుచుకోగలగడం, అన్నీ వర్ణించాను. "చాయ్ తాగుతూ ఆలోచించుకునే యుద్ధంరా ఇది! నువ్వు స్నానం చేసి వచ్చినా రాక్షసుడు ఆగుతాడు" అన్నాను. వంటింట్లో పోపు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

చిరాకులు లేవని కాదు. నాలుగడుగులు వేస్తే చాలు, తెర భళ్ళున పగిలి ఏదో జంతువు ఎదురొస్తుంది. ఆదివారం పూట అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో అసోసియేషన్ సెక్రటరీ ఎదురైనట్టే, తప్పించుకునే దారుండదు. పిడుగుల మైదానం ఒకటుంది. అక్కడ వరసగా 200 పిడుగుల్ని తప్పించుకుంటే ఒక బహుమానం. 143వ పిడుగు దగ్గర "సార్, పర్సనల్ లోన్ ఏమైనా..." అని ఫోన్. నాకు పిడుగు పడింది, ఆయనకి నా నోటి నుంచి పడింది.

కానీ అసలు గండం యునలెస్కా అనే రాక్షసి. ఆవిడ దగ్గరికి వెళ్ళగానే నిమిషాల తరబడి కథ నడుస్తుంది. దాన్ని దాటెయ్యడానికి బటన్ లేదు. ఓడిన ప్రతిసారీ మొత్తం మళ్ళీ చూడాలి. డైలాగులన్నీ మావాడికి కంఠతా వచ్చేశాయి. ఆ తర్వాత ఆవిడ మూడు అవతారాలు. ప్రాణబలం మొదటిదానికి 24,000, రెండోదానికి 48,000, మూడోదానికి 60,000. రెండో అవతారంలో మనవాళ్ళని జాంబీలుగా మార్చేస్తుంది. అప్పటినుంచి మందు వేస్తే బాగుపడరు, పోతారు. ఆ తల్లి తానే మనవాళ్ళకి వైద్యం చేసి మరీ చంపుతుంది.

అసలు కిటుకు వేరే ఉంది. మూడో అవతారం ఎత్తగానే 'మెగా డెత్' అని ఒకటి ప్రయోగిస్తుంది. జాంబీ జబ్బు లేనివాడు ఆరోగ్యంగా నిలబడి ఉండగానే పోతాడు. జబ్బు ఉన్నవాడే బతుకుతాడు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నేను రెండు ఆదివారాలు ధారపోశాను.

మూడో ఆదివారం. ముగ్గురినీ జాగ్రత్తగా జాంబీలుగానే ఉంచుకున్నాను. ఇంకో నాలుగు దెబ్బలేస్తే రెండో అవతారం ముగుస్తుంది. వెనక కుర్చీలో పేపర్ చదువుతున్న మా అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, "అల్లుడుగారూ, పిల్లల మొహాలు అలా వాడిపోయాయేం?" అన్నారు. చెప్పబోతుండగా వంటింట్లోంచి పిలుపు.

"ఏవండీ, అరకిలో మటన్ తెండి. కొవ్వు లేకుండా."

"యుద్ధం మధ్యలో ఉన్నానే!"

"స్నానం చేసి వచ్చినా ఆగుతుందన్నారుగా?"

ఇంకేం అంటాను? వెళ్ళాను.

మల్కాజిగిరిలో ఆదివారం పది గంటలకి మటన్ కొట్టు దగ్గర క్యూ అనే పదార్థం ఉండదు. గుంపు ఉంటుంది. ఆటలో మన వంతుని వెనక్కి నెట్టే దెబ్బలుంటాయి. హెల్మెట్ తియ్యకుండా, బండి ఆపకుండా, మన భుజం మీదుగా చెయ్యి చాపి "భాయ్, పావ్ కిలో ఖీమా, జల్దీ" అనడం అచ్చం అలాంటి దెబ్బే. ఆ తర్వాత "ఒక్క పావే కదన్నా" అంటూ ఇంకో దెబ్బ. కుడిపక్కన గాలిలో వరస కనిపిస్తున్నట్టే ఉంది నాకు. నా బొమ్మ ఒక్కో మెట్టూ కిందికి జారిపోతోంది. నలభై నిమిషాలయ్యాక కొట్టతను కత్తి తుడుచుకుంటూ "అరే అన్నా, మీరు చెప్పనే లేదుగా" అన్నాడు. మా టీవీలో యునలెస్కా కూడా ఇంత మర్యాదగానే నిలబడి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి తెర మీద 'గేమ్ ఓవర్'. మావాడు కంట్రోలర్‌ని దిండు కింద దాస్తున్నాడు.

"ఏం చేశావురా?"

"నేను కాదు నాన్నా, అమ్మమ్మే! నీ సామాన్లలో హోలీ వాటర్ ఉందని చదివి చెప్పానంతే."

"తీర్థమే కదా అని ఇప్పించాను" అన్నారు అత్తయ్యగారు. "పుచ్చుకోగానే ముగ్గురి మొహాల్లోకీ ఎంత కళ వచ్చిందనుకున్నారు! అప్పుడు వీడు నాలుగు దెబ్బలు వేశాడు. ఆ రాక్షసి ఇంతెత్తున లేచి ఏదో అంది. అంతే, ముగ్గురూ ఒక్కసారే పోయారు."

నాకు మాట రాలేదు. ఆవిడే దగ్గరికొచ్చి నా చేతిలో కవర్ అందుకున్నారు.

"బాధపడకండి. తీర్థం గొంతులో పడ్డాకే పోయారు. ఇదేంటి, ఇంత కొవ్వుంది?"