ఆయిల్ ఫిల్టర్ మూత మీది మూడో స్క్రూ గారికి

మహారాజశ్రీ మూడో స్క్రూ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమరు కుశలంగానే ఉన్నారు, టార్చిలైటు వేసి మరీ చూస్తున్నాం. ఇక్కడే బాగోలేదు. అరచేతి చర్మం కొంత తమరి దగ్గరే ఉండిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మొత్తం పోయింది. వరండాలో పాత పేపరు మీద క్లచ్ కవర్ వెల్లకిలా పడుంది. ఎల్లుండి మంగళవారం, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. బండి మీదే వెళ్తామని ఇంట్లో మాటిచ్చేసి ఉన్నాం.

తమరి అన్నలిద్దరూ మర్యాదస్తులు. పెద్దాయన అడగ్గానే వచ్చేశారు. రెండో ఆయన కాస్త మూలిగి వచ్చారు. మూడు స్క్రూల మూత రెండు స్క్రూలకి సగం కూడా తెరుచుకోదని తమరికి తెలుసు. ఆ ధీమా మీదే కదా ఇంత బిగువు.

దసరాకి ఆయుధ పూజలో తమరికి తక్కువ చేసిందేమీ లేదు. పానాలకి పసుపు, హ్యాండిల్‌కి బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ, ఇంజను మీద కుంకుమబొట్టు. ఆ బొట్టు తమరుండే గది గోడ మీదే పెట్టాం.

తమరి చుట్టాల్లో మొండివాళ్లు లేరని కాదు. కానీ వాళ్లకి కారణం ఉంది. కళింగపట్నం, చింతపల్లి సముద్రతీరాల వైపు తిరిగే బండి మీద ఉప్పుగాలి ఎప్పుడూ ఉంటుంది. ఇనప స్క్రూ అల్యూమినియం కవర్లో దిగి, మధ్యలోకి ఉప్పునీరు చేరితే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పని చేస్తాయి. ముందు అల్యూమినియం తినేసి తెల్ల పొడి అవుతుంది, ఆ పొడి త్రెడ్లలో సిమెంటులా బిగుస్తుంది. 2014లో హుద్‌హుద్‌కీ, 2018లో తిత్లీ తుపానుకీ తడిసిన బండ్ల స్క్రూలు ఇప్పటికీ రామంటే అర్థం చేసుకుంటాం. వాళ్లకి మందు కూడా ఉంది. కవర్ మీద మరిగే నీళ్లు పోస్తే అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. తర్వాత తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి మనసు మారుతుంది. మళ్లీ బిగించేటప్పుడు త్రెడ్లకి కాస్త గ్రీజు రాస్తే మరోసారి ఇంత గోల ఉండదు.

తమరికి ఆ సాకూ లేదే! తమరిది ఇంజను లోపల, పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంక్ చివర, పుట్టినప్పటి నుంచీ నూనె స్నానం. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఉయ్యాల. ఎండ తగలదు, వాన తగలదు, ఉప్పు తగలదు. ఇంత సుఖంగా ఉన్నవాళ్లకి ఈ పట్టుదల ఎందుకు?

తమరి దర్శనానికి ఎంత తతంగమో తమరికి తెలియకపోవచ్చు. ఇంజను వేడి మీదుండగా పదిహేడు నంబరు పానాతో డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ దించాలి. కిక్ రాడ్ పీకాలి. ఫుట్‌రెస్టు విప్పాలి. క్లచ్ కేబుల్ వదులు చేసి కొక్కెం తప్పించాలి. ఎనిమిది నంబరు బోల్టులు ఒక్కొక్కటీ తీసి, అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటుదో అక్కడే గుచ్చాలి. పొడుగులు వేరు కదా. పొట్టి చోట పొడుగుది బిగిస్తే త్రెడ్లు పోతాయి, లేదా కవర్ పగులుతుంది. ఆ తర్వాత చెక్క సుత్తితో చుట్టూ తట్టి కవర్ ఊడదీయాలి. కవర్ కింది ప్యాకింగ్ ఎలాగూ చిరుగుతుంది, అది దాని ధర్మం. ఇంతా అయ్యాక, చిన్న గుండ్రటి మూత మీద ముగ్గురన్నదమ్ములు కనిపిస్తారు. ఇదంతా చెప్పే మాన్యువల్లో తమరి గురించి ఉండేది ఒక్క ముక్క: స్క్రూలు తీయాలని. తీయాలట!

పోనీ ఆ మూత తీయకుండా వదిలేద్దామా? చాలా షెడ్లలో జరిగేది అదే. ఆయిల్ మార్చి, బిల్లు చేతికిచ్చి పంపేస్తారు. ఈ పాత వంద సీసీ నాలుగు స్ట్రోకుల బండ్లలో కాగితం ఫిల్టర్ ఉండదు. కింద ఒక జాలీ, పైన ఈ తిరిగే గిన్నె. గిన్నె తిరుగుడుకి ఆయిల్లోని బరువైన మడ్డి అంచుకి విసిరేసినట్టు అతుక్కుంటుంది, శుభ్రమైన ఆయిల్ నడిమధ్య కన్నంలోంచి క్రాంక్‌లోకి పోతుంది. పన్నెండు, పదిహేను వేల కిలోమీటర్లకోసారి ఆ మడ్డి తీయకపోతే గిన్నె నిండిపోతుంది. అప్పుడు మడ్డి కూడా ఆయిల్‌తో పాటే నేరుగా కనెక్టింగ్ రాడ్ బేరింగుకి చేరుతుంది. ఎన్నిసార్లు కొత్త ఆయిల్ పోసినా పాత కాటుక అక్కడే ఉంటుంది. అంటే బండి ఆయుష్షు మొత్తం తమరి దయ మీద ఆధారపడి ఉంది.

ఇక మా మనుషుల జాతి తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒకటే, దానితోనే సరి. మన పానాల డబ్బాలో స్టార్ స్క్రూడ్రైవర్ అని పిలుచుకునేది ఫిలిప్స్. అమెరికాలో 1936లో పేటెంటు తీసుకున్న గాటు. దాని పక్కలు ఏటవాలుగా ఉంటాయి, బలం ఎక్కువైతే పైకెక్కి జారిపోతుంది. తమరి వంశం జపాన్‌ది. ఆ గాటు జేఐఎస్, అంటే జపాన్ పారిశ్రామిక ప్రమాణాలది, చూపుకి కవలపిల్ల, కొలతలో దాయాది. ఫిలిప్స్ ముక్కు జేఐఎస్ గుంట అడుగుకి తగలదు, పక్కల మీదే వేలాడుతుంది. రెండుసార్లు తిప్పితే గుంట అంచులు తినేస్తుంది, మూడోసారికి ప్లస్సు గుర్తు పోయి పళ్లెం మిగులుతుంది. స్క్రూ తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్‌ది. అన్నిటికీ చుక్క ఉండదు, లేకపోయినా జపాన్ డిజైను బండి అంటే అదేనని అనుకోవడం మంచిది. జేఐఎస్ డ్రైవర్ దొరక్కపోతే మంచి ఫిలిప్స్ కొనను అర మిల్లీమీటరు అరగదీసి చదును చేస్తే అడుగు తాకుతుంది. రెండో నంబరూ మూడో నంబరూ పెట్టి చూసి, ఏది ఊగకుండా కూర్చుంటే దాన్నే వాడాలి. గుంటలో ఉన్న మడ్డిని గుండుసూదితో గీకి కిరసనాయిలుతో తుడవడం దానికి ముందు పని. ఈ పని చేయకుండానే డ్రైవర్ మంచిది కాదని తిట్టేవాళ్లు చాలామంది.

ఇదంతా తెలిసే వచ్చాం, అన్నీ పద్ధతిగానే చేశాం. గేరు నాలుగులో వేసి వెనక బ్రేకు తొక్కి పట్టుకున్నాం, లేకపోతే గిన్నె తమరితో పాటే తిరుగుతుంది. డ్రైవర్ నిటారుగా పెట్టి పిడి మీద మూడుసార్లు తట్టాం, తల కింద పట్టు సడలడానికి. తిప్పాం. జారింది. కొనకి వాల్వ్ గ్రైండింగ్ పేస్టు రాశాం, గరుకుకి పట్టు దొరుకుతుందని. తిప్పాం. అప్పుడే అరచేయి పోయింది.

ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చాం. అదొక చిత్రమైన పనిముట్టు. సుత్తి దెబ్బని లోపల మలుపుగా మారుస్తుంది, అదే దెబ్బతో కొనని గుంటలోకి తొక్కిపడుతుంది కాబట్టి జారే వీలుండదు. ముందే చేత్తో ఎడమకి గట్టిగా తిప్పి పట్టుకుని కొట్టాలి, అది మరిచిపోతే ఊరికే చప్పుడు. ఇక్కడ జాగ్రత్త కూడా కావాలి. తమరు కూర్చున్నది క్రాంక్ చివర, ప్రతి దెబ్బా బేరింగుల మీద పక్కనుంచి పడుతుంది. మూడొందల గ్రాముల సుత్తి, పొట్టి దెబ్బలు. సమ్మెట తెస్తే స్క్రూ వస్తుంది, బేరింగు పోతుంది. అయిదు దెబ్బలు, ఆరు, పది. తమరు చలించలేదు. 1757లో ఫిరంగులు పెట్టి కొడితే బొబ్బిలి కోటే ఒక్క రోజులో పడింది. తమరి కోటకి ఎన్ని రోజులు కావాలి?

అప్పుడు లైటు దగ్గరగా పెట్టి చూస్తే కనబడింది. తమరి తల అంచున పాత ఉలి గాటు. అపసవ్యంగా కాదు, సవ్యంగా. అంటే ఎవడో ఎప్పుడో నిన్ను తీయడానికి కాదు, బిగించడానికి ఉలి వాడాడు! స్క్రూడ్రైవర్ జారిపోతుంటే ఉలి పెట్టి, సుత్తితో, గడియారం తిరిగే వైపు. ఎందుకురా? మూత ఎగిరిపోతుందనా? ముణికట్టు బలంతో ఆగాల్సిన స్క్రూ అది, మోచేయి దాకా కూడా పోనక్కర్లేదు. ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారీ నువ్వు ఇంకా బిగుసుకున్నావ్. ఏటిరా నీ పొగరు? ఏటి సూసుకుని? పది రూపాయల సరుకువి! పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి నూలు వడికేవాళ్లకుండే ఓపిక ఉందనుకున్నాం మాకు. లేదు. అయిపోయింది. నీ నెత్తి మీద ఆ గాటు పెట్టినవాడు ఎదురొస్తే వాడి చేత్తోనే నిన్ను తీయించాలి, అదీ ఫిలిప్స్‌తో, అదీ మే నెల మిట్టమధ్యాహ్నం, అదీ కరెంటు లేనప్పుడు.

కోపం వచ్చినందుకు క్షమించాలి. తమరొక్కరి మీదే అంతా వెళ్లగక్కడం న్యాయం కాదు. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్లో తేమ పీల్చుకుని, పది రోజులు బండి కదపకపోతే మూసుకుపోయే కార్బురేటర్ పైలట్ జెట్టు ఉంది. ఆఫ్‌లో పెట్టినా కారే పెట్రోల్ కాక్ ఉంది. తీసేటప్పుడు ఎగిరి తులసికోట వెనక పడే చైను లాకు క్లిప్పు ఉంది. మూసిన వైపు చైను తిరిగే దిశకే ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా తిరగేసి పెట్టేవాళ్లున్నారు. తొమ్మిది వందల మిల్లీలీటర్లు చాలన్నా లీటరు డబ్బా మొత్తం వంపేవాళ్లున్నారు, మిగిల్చి ఏం చేసుకుంటారని. ఒరిజినలేనండీ అంటూ ఒకవైపు కన్నాలు కలవని ప్యాకింగ్ అమ్మే కౌంటరు ఉంది. వాళ్లందరికీ వేరే ఉత్తరాలు రాసుకుంటాం.

తమరికి మాత్రం ఇది ఆఖరి నోటీసు. హ్యాక్సా బ్లేడుతో తల మీద గాటు పెట్టే ఆలోచన విరమించాం. పక్కన క్లచ్ గేరు అడ్డం, పైగా ఇనప రజను ఇంజన్లో పడుతుంది. ఆ పాత ఉలి గాటునే ఇంకాస్త లోతు చేసి, ఈసారి అపసవ్యంగా, ఏటవాలుగా చిన్న దెబ్బలు వేస్తాం. అది ఈ రాత్రికి. అప్పటికీ రాకపోతే రేపు పొద్దున్న డ్రిల్లు. గిన్నె చుట్టూ గుడ్డలు కుక్కి, బిట్టుకి గ్రీజు పట్టించి, నెమ్మదిగా, తమరి కాడ ఎంత మందమో అంత బిట్టుతో, తల ఊడేదాకా. గ్రీజు రజనుని పట్టుకుంటుంది, మిగిలినది అయస్కాంతానికి. తల పోయాక మూత చేత్తో వస్తుంది. మిగిలిన కాడని వైస్ గ్రిప్పుతో పట్టుకుంటే వేళ్లతో తిప్పినట్టు వస్తుంది, ఎందుకంటే బిగువంతా తల కిందే కానీ త్రెడ్లలో కాదు. అంటే ఇంతసేపూ తమరు పట్టుకున్నది ఏమీ లేదన్నమాట, అహంకారం తప్ప.

గిన్నెలోని మడ్డి వెదురు పుల్లతో గీకుతాం. స్క్రూడ్రైవర్‌తో గీకితే గీతలు పడతాయి. నూలు పోగులు రాలని బనీను గుడ్డ, కాస్త పెట్రోలు. కవర్ అంచున పాత ప్యాకింగ్‌ని కిరసనాయిలులో నాననిచ్చి, బ్లేడు పడుకోబెట్టి తీస్తాం. కొత్త ప్యాకింగ్ మీద సిలికాన్ రాయం, లోపలికి పొంగిన ముక్క జాలీకి అడ్డం పడుతుంది. తమరి స్థానంలోకి ముగ్గురు కొత్తవాళ్లు వస్తారు, తమరి మర్యాదస్తులైన అన్నలతో సహా అందరినీ మారుస్తున్నాం. తలలో ఆరుమూలల గుంట ఉండే ఎలన్ బోల్టులు వేద్దామని ఎవరో సలహా ఇచ్చారు. బయటి కవర్లకైతే సరే. ఇక్కడ తల ఎత్తు ఎక్కువై, తిరుగుతూ కవర్ లోపలి గోడకి గీసుకుంటుంది. కాబట్టి తమరి జాతివాళ్లే, తమరి పొడుగే.

ఒక్క మాట మాత్రం దాచుకోలేం. ఇన్నేళ్లలో ఆ మూత దగ్గర ఒక్క చుక్క కూడా తప్పుదారి పట్టలేదు. తమరు కాపలా కాసినంతకాలం అది కదల్లేదు. అందుకని తీశాక పారేయం. టిఫిన్ డబ్బా మూతలో, పాత స్పార్క్ ప్లగ్గుల పక్కన పెడతాం, మిగతావాళ్లు చూసి బుద్ధి తెచ్చుకోవడానికి.

రేపు పదింటి దాకా గడువు. తమరంతట తమరే దిగివస్తే డ్రిల్లు అద్దె మిగులుతుంది, మేమూ బండెక్కి సిరిమానుకి వెళ్తాం. లేదంటే ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్తాం, తమరి తల మాత్రం జేబులో పెట్టుకుని.

ఇట్లు,
ఎడమ అరచేతికి పసుపు రాసుకుని, కుడిచేత్తో రాస్తున్న
తమ విధేయుడు

తా.క. పైన చెప్పిన ఉలి దెబ్బలు రెండు పడ్డాయి. గాటు దగ్గర వెంట్రుకంత మెరుపు కనిపిస్తోంది, ఇందాక లేదు. కదిలారా, లేక వెక్కిరిస్తున్నారా?