భుజాలు తడుముకోవలసింది మేం కాదు

బెంగళూరులోని మారతహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ బృందాల్లో పది రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. నాకే ఏడుగురు పంపారు. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: వీధి మలుపుల్లో సీసీ కెమెరాలు పెడుతుంటే కొందరు అడ్డుపడి సంతకాలు సేకరిస్తున్నారు; తప్పు చేయనివారికి కెమెరా అంటే భయమెందుకు, గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లుంది; కెమెరాలున్నచోట నేరాలు ఉండవు, కావాలంటే చెన్నైని చూడండి; దృశ్యాలు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటాయి; ప్రపంచంలో ఎక్కడా లేని అభ్యంతరం వీళ్లకే వచ్చింది. ఆ సంతకాలు సేకరిస్తున్నవారిలో నేనూ ఉన్నాను కనుక జవాబు చెప్పే బాధ్యత నాది.

"తప్పు చేయనివారికి భయమెందుకు?"

ఆ సామెతలో ముందు గుమ్మడికాయ పోయింది, ఆ తరువాతే దొంగ మాట వచ్చింది. మా వీధిలో ఏమీ పోకముందే అందరి భుజాలూ రోజూ చూస్తామంటున్నారు. కొత్త స్తంభం మీది కెమెరా నేరుగా ఆడపిల్లల హాస్టల్ గేటు వైపు తిరిగి ఉంది. అక్కడ ఉండేవారిలో ఎక్కువమంది కడప, అనంతపురం, గుంటూరు నుంచి ఉద్యోగాలకు వచ్చినవారు. ఎవరు రాత్రి ఎన్నింటికి వచ్చారు, ఎవరి బండి దిగారు, అన్నీ అందులో నమోదవుతాయి. వారిలో ఒకమ్మాయి నన్ను అడిగింది: "ఆంటీ, ఆ కెమెరాలో మమ్మల్ని ఎవరు చూస్తుంటారు?" ఆమె భయం పోలీసులంటే కాదు. ఎవరో ఆ దృశ్యం చూసి ఊళ్లో నాన్నకు ఫోను చేస్తే, ఉద్యోగం మాన్పించి ఇంటికి తీసుకుపోతారని. సంబంధిత కార్యాలయానికి వెళ్లి అడిగితే, "అన్నీ పైనుంచే చూసుకుంటారమ్మా" అన్నారు. పైన అంటే ఎవరో రెండుసార్లు తిరిగినా తెలియలేదు.

ఇలాంటి ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లినది ఈ బెంగళూరు మనిషే. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ల వయసులో, ఆధార్‌పై పిటిషన్ వేశారు. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు. ఆ తీర్పు ప్రకారం ప్రభుత్వం గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి అవసరమైనదాన్ని మించకూడదు. అంటే ముందుగా సంజాయిషీ చెప్పవలసినవారు చూసేవారే. హాస్టల్ అమ్మాయి ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

"కెమెరాలున్నచోట నేరాలుండవు"

గొలుసు తెంచుకుపోయినవాణ్ణి తరువాత పట్టుకోవడానికి కెమెరా ఉపయోగపడుతుంది. ఒప్పుకుంటాను. కానీ నేరం జరగకుండా ఆపుతుందా? 40 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వెలువడింది. కెమెరాలున్నచోట మొత్తం మీద నేరాలు 13 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల బాగా కనిపించింది వాహనాలు నిలిపే స్థలాల్లో. హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదు. చెన్నై సంగతికి వస్తే, అక్కడి పోలీసులు "మూడో కన్ను" పేరుతో ప్రచారం చేయగా నివాసులు, వ్యాపారులు సొంత డబ్బుతో పెట్టించిన కెమెరాలు ఎన్నో ఉన్నాయి. చదరపు కిలోమీటరుకు ఎన్ని కెమెరాలు అని లెక్కగట్టే జాబితాల్లో ఆ నగరం ముందుండడానికి కారణం అదే. అటువంటి జాబితా తయారుచేసే కంపారిటెక్ సంస్థే, కెమెరాల సంఖ్యకూ భద్రతకూ పెద్దగా సంబంధం కనిపించలేదని చెప్పింది.

బెంగళూరులో, మహిళల భద్రత కోసం కేంద్రం ఏర్పాటు చేసిన నిర్భయ నిధి డబ్బుతోనే ఇప్పటికే 7,000కు పైగా కెమెరాలు వెలిశాయి. మా హాస్టల్ ముందు వీధి దీపం మాత్రం వెలగడం లేదు. చీకట్లో నడిచే అమ్మాయికి ముందు కావలసింది ఆ దీపం.

"దృశ్యాలు భద్రంగా ఉంటాయి"

నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాట ఇదే. 2025లో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి కెమెరా దృశ్యాలు, పరీక్ష చేయించుకుంటున్న గర్భిణులవి, టెలిగ్రామ్‌లో అమ్ముడుపోయాయి. ఎవరైనా ఊహించగలిగే పాస్‌వర్డ్ మార్చకుండా ఉంచడమే దానికి దారి. ఆ తల్లులు చేసిన తప్పేమిటో సందేశం రాసినవారు చెప్పాలి.

ఇంకొకటి. ప్రతి పోలీసు స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. 2025 సెప్టెంబరులో, రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న వార్త చూసి, స్టేషన్లలో కెమెరాలు పనిచేయకపోవడాన్ని అదే కోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవలసి వచ్చింది. పౌరుణ్ణి చూసే కెమెరా మీద ఉన్న శ్రద్ధ అధికారిని చూసే కెమెరా మీద లేదు.

పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తాను ఎంచుకున్న సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి కట్టబెట్టింది. రేపు ఈ కెమెరాలకు ముఖ గుర్తింపు, అంటే ముఖాన్ని పోల్చి మనిషెవరో తేల్చే సాంకేతికత, జోడిస్తే? ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలిక ఉంటే చాలు, సరిపోయినట్లే లెక్కిస్తామని సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చారు. అలా పొరపాటున సరిపోయినట్లు తేలేవారిలో మన పిల్లల్లో ఎవరైనా ఉండవచ్చు.

"ప్రపంచంలో ఎక్కడా లేని అభ్యంతరం"

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, ముస్లింలు ఎక్కువగా ఉండే పేటల్లో 200కు పైగా కెమెరాలు పెట్టారు. నేరాల నివారణకని చెప్పారు. డబ్బు ఉగ్రవాద నిరోధక నిధి నుంచి వచ్చిందని 2010లో బయటపడింది. నివాసులు తిరగబడితే కెమెరాలకు సంచులు తొడిగారు, 2011లో స్తంభాలే పీకేశారు. అమెరికాలోని శాన్ డియేగోలో కరెంటు ఆదా అవుతుందని బిగించిన వీధి దీపాల్లో కెమెరాలున్నాయని తెలిసి జనం నిలదీశారు. 2020లో మేయర్ వాటిని ఆపించారు. అంత దూరం ఎందుకు, తెలంగాణలో ముఖ గుర్తింపును సవాలు చేస్తూ ఒక హైదరాబాదు పౌరుడు హైకోర్టుకు వెళ్లారు.

మా వినతిపత్రంలో అడిగింది కొంచెమే. ఏ చట్టం కింద పెడుతున్నారు, ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకు చెరిపేస్తారు, దుర్వినియోగమైతే ఎవరిమీద ఫిర్యాదు చేయాలి. ఇవి రాతపూర్వకంగా చెప్పేదాకా కెమెరాలు ప్రారంభించవద్దు, హాస్టల్ గేటు వైపున్నదాన్ని కూడలి వైపు తిప్పండి, దీపం వెలిగించండి. ఆదివారం సాయంత్రం దాకా ఆ కాగితం హాస్టల్ పక్క కిరాణా కొట్టులో ఉంటుంది. నాకు సందేశం పంపిన ఏడుగురూ దయచేసి వచ్చి చదవండి.